గొట్టం చివర గాలి

వేడి కొలిచే కడ్డీని గొట్టంలో వేలెడు లోపలికి జరిపి, మీటరులో అంకె నిలబడగానే, అతను దాన్ని సుద్దతో పలక మీద రాసి గాజు కిటికీకి చూపించాడు. అవతల ఇంజనీరమ్మ పెదవి విరిచింది.

ఇంజను పొగ సన్నటి మూతిలోంచి దూసుకొస్తూ చుట్టూ ఉన్న గాలిని వెంట లాక్కుపోవాలి. వెడల్పు గొట్టంలో రెండూ కలిసి, చల్లబడి బయటపడాలి. గుండ్రటి మూతితో కలవడం లేదు. అంచున చలి, నడుమ నిప్పు.

మూతులు మార్చడం, కడ్డీ జరపడం, పలక చూపడం. పెళ్లికి ముందు నుంచీ ఈ ఇంజన్ల షెడ్డులో అతని పని ఇదే. ఆ రొదలోనే చెవులు పోయాయి. "ఇంట్లోనూ ఓ పలక పెట్టుకుందాం" అనేది భార్య నవ్వుతూ. కొన్నాళ్లకు నవ్వడం మానేసింది. ఆ తర్వాత మాట్లాడటమూ మానేసింది. కన్నుమూసే ముందు మాత్రం ఏదో అంది. అతనికి వినబడలేదు.

మధ్యాహ్నం ఇంజను ఆపి అన్నం తింటుంటే కూతురు ఫోన్ చేసింది. స్పీకరు పెట్టాడు.

"నాన్నా, ఇక మా దగ్గరకొచ్చి ఉండిపో."

"ఆ, తింటున్నానమ్మా."

"తిండి గురించి కాదు నాన్నా, వచ్చేయమంటున్నా!"

"అంతా బాగానే ఉంది. ఉంటానమ్మా."

పక్కనే ఉన్న ఇంజనీరమ్మ అతని చెవి దగ్గర వంగి అరిచింది. "మీ అమ్మాయి రమ్మంటోంది బాబాయ్!"

"వినబడిందమ్మా" అన్నాడతను, డబ్బా మూత పెడుతూ. "వాళ్లింట్లో అందరూ మెల్లగా మాట్లాడుకుంటారు. నేనెళ్తే ఇల్లంతా అరవాలి."

తర్వాత పూరేకుల్లా మడతలు తీర్చిన కొత్త మూతి బిగించారు. అది ఆమె గీసిన నమూనా. అంచు నుంచి నడుమ దాకా కడ్డీ జరిపాడు. పలక మీద అంకె దాదాపు మారనేలేదు. ఆమె పరుగెత్తుకొచ్చి అతని చెవిలో అరిచింది.

"మీటరు చెడిపోయిందా బాబాయ్?"

అతను తోలు చేతొడుగు తీసి గొట్టం మీద పెట్టాడు. వచ్చే గాలికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. వెచ్చగా ఉంది, అంతే. ఆమె చెయ్యి కూడా పట్టి అక్కడ పెట్టాడు. ఆమె చిన్నపిల్లలా గెంతింది.

"కలిసిందమ్మా" అన్నాడు.

పైవాళ్లకు చెప్పడానికి ఆమె లోపలికెళ్లింది. అతను ఆ గాలి తగిలేలా బల్ల మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు.

ఇంజను ఆపేసి ఆమె తిరిగొచ్చేసరికి అతని కళ్లు మూసి ఉన్నాయి. అలవాటుగా చెవి దగ్గర వంగి, "బాబాయ్!" అని అరిచింది. భుజం పట్టి కుదిపి మళ్లీ అరిచింది. నిశ్శబ్దంగా ఉన్న షెడ్డులో ఆ అరుపు ఆమెకే తిరిగి వినబడింది. ఇంకోసారి మాత్రం మెల్లగా పిలిచింది.

అతన్ని తీసుకెళ్లాక గొట్టం మీద తోలు చేతొడుగు మిగిలింది, వేళ్లు కొంచెం వంగి, ఇంకా కడ్డీని పట్టుకున్నట్టే.