‘ఎ’ నలభై

దారి నా భార్యది. నా బావమరిది దాన్ని తలకిందులు చేశాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆమెది నది కొలతల ఉద్యోగం. గట్టు వెంట పదకొండు చోట్ల నీళ్లలో పాతిన కొలబద్దలుంటాయి. నీళ్లు ఏ అంకె దగ్గరున్నాయో చూసి రాసుకోవడం ఆమె పని. ఇరవై ఆరేళ్లు సైకిల్ మీదే తిరిగింది. జీపు ఇస్తామన్నా వద్దంది. లోయలో ఏ మలుపు దగ్గర నీళ్లు పచ్చగా కనిపిస్తాయో, పొద్దున మంచు ఏ గట్టును ఆఖర్న వదులుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రిటైరయ్యాక కొలతల పుస్తకంలాంటిదే ఇంకొకటి నీలం దారంతో కుట్టుకుని, లోయ చూడటానికి వచ్చేవాళ్ల కోసం మూడు రోజుల సైకిల్ దారి రాసింది. ఏడాది పట్టింది. అది ముగించిన నెలకే పోయింది. రెండేళ్లయింది.

వంతెన పక్కన నాకు సైకిల్ షాపుంది. పైగదిలో ఆమె తమ్ముడు ఆఫీసు పెట్టాడు. పట్నాల నుంచి వచ్చేవాళ్లను లోయ వెంట సైకిళ్ల మీద తిప్పుతాడు. పుస్తకం ఇమ్మని అడిగితే ఒక్కటే చెప్పాను. అక్షరం మారకూడదు, అట్ట మీద ఆమె పేరుండాలి. సరే బావా అన్నాడు. సరే అనడం వాడికి దగ్గులాంటిది. వస్తుంది, పోతుంది.

అచ్చుకు పంపేముందు కాగితం నాకు చూపించారు. రెండో రోజు తిరగబడి ఉంది. ఆమె రాసిన దారి దిగువ ఊళ్లో మొదలై, నదికి ఎదురుగా, నడుమ రేవు మీదుగా మా వంతెన దాకా వస్తుంది. వీడు వంతెన దగ్గర మొదలుపెట్టి కిందికి దింపాడు.

గ్రీజు చేతులతోనే మెట్లెక్కాను. గోడ నిండా లోయ పటం, దాని మీద గుండుసూదులు, ఎర్రదారం. ప్రెస్సాయన కూర్చుని టీ తాగుతున్నాడు. ఎందుకు తిప్పావని బావమరిదిని అడిగాను. సాయంత్రం ఎండ ఎదురుగా నీళ్ల మీద పడుతుంది, ఫోటోలు బాగా వస్తాయన్నాడు. పైగా కిందికి తొక్కడం సుఖమన్నాడు. మీ అక్క సుఖం కోసం దారి రాయలేదన్నాను. నదికి ఎదురు వెళ్తే దాని మొహం కనిపిస్తుంది, వెంట వెళ్తే వీపు కనిపిస్తుంది అనేది ఆమె. అదీ చెప్పాను. నదికి వీపెక్కడుంటుంది మేస్త్రీ అని ప్రెస్సాయన నవ్వాడు. అచ్చుతప్పులు దిద్దడం రాని మనిషికి నది గురించి ఏం చెప్తాం.

అసలు గొడవ అది కాదు. ఒక అక్షరం.

కొలతల పుస్తకంలో గళ్లు చిన్నవి. అందుకని ప్రతిదానికీ మొదటి అక్షరం మాత్రమే రాయడం ఆమెకు అలవాటు. ‘కు’ అంటే కుడి. ‘నీ’ అంటే నీడ. ‘కం’ అంటే కంకర. రెండో రోజు దారిలో నాలుగు చోట్ల ‘ఎ’ అని ఉంది, పక్కన అంకె. రేవు దగ్గర ఎ 40. అక్కడి నుంచి పైకి వచ్చేకొద్దీ ఎ 15, ఎ 10, ఎ 5. కాగితం అడుగున ఏ అక్షరానికి ఏమిటర్థమో పట్టీ వేయాలి. ‘ఎ’ దగ్గర ఆగిపోయింది.

బావమరిది ఎత్తు అన్నాడు. నలభై అడుగుల ఎత్తు ఎక్కాలని. ప్రెస్సాయన్ని ఎవరూ అడగలేదు. ఎడమ అన్నాడు. ఎడమ నలభై ఏమిటంటే, పోనీ ఎండ అన్నాడు. అదీ కాకపోతే ఎలుగుబంట్లు అన్నాడు.

ఎదురుగాలి అన్నాను నేను. నలభై నిమిషాల ఎదురుగాలి. నాకు ఊహలతో పని లేదు. దారి రాసిన ఆ ఏడాది ప్రతి ఆదివారం ఆమె సైకిల్‌ను బస్సు మీద వేసుకుని దిగువ ఊరికి వెళ్లి, ఆ దారిన తొక్కుకుంటూ వచ్చేది. ఆలస్యమైందేమని అడిగితే, ఎదురుగాలి అనేది. కాళ్లు కడుక్కుని లోపలికి పోయేది.

“అయితే ఇంకా మంచిది బావా,” అన్నాడు బావమరిది. “ఎత్తైతే తిప్పితే పల్లమవుతుంది. ఎదురుగాలైతే వెనకగాలవుతుంది. ఎలా చూసినా నా దారే హాయి.”

“దారి నీది కాదు.”

“నువ్వు ఆ దారిన ఒక్కసారైనా తొక్కావా?”

తొక్కలేదు. నేను సైకిళ్లు బాగుచేస్తాను. “దర్జీ తను కుట్టిన చొక్కాలన్నీ తొడుక్కుంటాడా?” అన్నాను.

“నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. రేపు తొక్కుదాం పద. నీ గాలి ఉంటే అక్క దారే ఉంచుతా. నా ఎత్తు ఉంటే నువ్వు మళ్లీ నోరెత్తకూడదు.”

ఒప్పుకున్నాను.

మర్నాడు భోజనాలయ్యాక బయల్దేరాం. వాడు రంగుల బనియను, బిగుతు నిక్కరు వేసుకొచ్చాడు. సర్కస్‌లో చేరావా అన్నాను. నా ఇస్త్రీ చొక్కా చూసి, నువ్వేమో ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టున్నావు అన్నాడు. వంతెన నుంచి కిందికి, వాడి లెక్క ప్రకారమే తొక్కాం.

ఎ 5 ఒక కల్వర్టు. దాని పిట్టగోడ మీద ఇద్దరు కూర్చోవచ్చు. వాడు నీళ్ల సీసాను రోడ్డు మీద అడ్డంగా పెట్టాడు. అటూ ఇటూ దొర్లలేదు. నేను గుప్పెడు దుమ్ము తీసి వదిలాను. నా కాళ్ల మీదే పడింది. ఎత్తూ లేదు, గాలీ లేదు. ఇవాళ గాలి లేదు కాబట్టి ఎప్పుడూ లేదంటావా అన్నాను. కొండలు కూడా ఇవాళ సెలవు పెట్టాయేమో అన్నాడు వాడు.

ఎ 10 ఒక కొలబద్ద ఎదుట రాతిదిమ్మ. అక్కడా అంతే. ఎ 15 దగ్గర పాత పంపుషెడ్డు అరుగు. అక్కడా సీసా కదలలేదు, దుమ్ము కదలలేదు. నాకు ఒళ్లు మండిపోతోంది. తేలాలి, తేలడం లేదు. నాది తప్పైనా బాగుండును, వాడిది ఒప్పు కాకుండా ఉంటే. ఇద్దరం కలిసి తప్పవడం మాత్రం నేను ఎప్పుడూ భరించలేను.

“ఒకటి గమనించావా బావా,” అన్నాడు వాడు అరుగు మీద కూర్చుని. “ఈ మూడు చోట్లా వంతెన వైపు రోడ్డు బారుగా కనిపిస్తోంది. ఎవరొస్తున్నా మైలు దూరం నుంచే తెలుస్తుంది. ఫోటోకి భలే ఉంటుంది.”

నేను సైకిలెక్కాను.

రేవులో పడవ నడిపే ఆవిడ తాడు కడుతోంది. నాలుగు మెట్లు, ఒక రాట. అంతే రేవు. ఇక్కడ మధ్యాహ్నం పూట గాలి ఎటు నుంచి వీస్తుందని బావమరిది ఆవిడను అడిగాడు. ఎందుకంది. వాడు పుస్తకం తీసి చూపించాడు. నీలం దారం చూడగానే ఆవిడ గుర్తుపట్టింది.

“కొలతలమ్మ పుస్తకం కదా ఇది. ఇక్కడ గాలెక్కడిది బాబూ? ఆవిడ ఆ పై మెట్టు మీద కూర్చునేది. ఆదివారం వస్తే చాలు. ఎవరి కోసమమ్మా అంటే, మా ఆయన ఎదురొస్తానన్నాడు అనేది. నేను రెండుసార్లు అవతలికి వెళ్లొచ్చినా అక్కడే ఉండేది. చూసి చూసి లేచేది. లేచేముందు గడియారం చూసి దీంట్లో ఏదో రాసుకునేది.”

ఆవిడ తాడు ముడి బిగించింది.

“తర్వాత రావడం మానేసింది. ఆయన వచ్చాడో లేదో మరి. మీరేమవుతారు ఆవిడకి?”

బావమరిది నా వైపు చూశాడు.

“సైకిళ్లు బాగుచేస్తాను,” అన్నాను.

నిజమే, నేనే అన్నాను. నువ్వు అటు నుంచి రా, నేను ఇటు నుంచి ఎదురొస్తా, రేవులో కలుద్దాం అని. ప్రతి శనివారం అన్నాను. ఆదివారమే షాపుకు గిరాకీ. ఎవరో ఒకరు వంకరపోయిన చక్రం పట్టుకుని వచ్చేవారు. చువ్వలు బిగిస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు. వచ్చేవారం చూద్దాంలే అనేవాణ్ని. వచ్చేవారం ఇంకో చక్రం. ఆమె రేవులో నలభై నిమిషాలు కూర్చుని, నేను దారిలో ఉన్నానేమోనని మళ్లీ పదిహేను, పది, అయిదు. కల్వర్టు తర్వాతి ఆ బారు రోడ్డు దాటితే ఇక మా ఊరే. చూడటానికి రోడ్డు లేదు.

బయల్దేరిన గంట, చేరిన గంట, మధ్యలో పోయిన నిమిషాలు. పుస్తకంలో ఇవి కలవాలి. ఇంట్లో ఏం చెప్పినా ఆమె పుస్తకంలో తప్పు రాయదు. నాతో మాత్రం గాలి అని అబద్ధం చెప్పింది. ఎందుకు రాలేదని ఒక్కసారి అడిగి ఉండవచ్చు. అడగలేదు. అందుకు ఆమెను కూడా నేను క్షమించలేదు.

తిరుగుదారిలో బావమరిది నా వెనకే వచ్చాడు, నోరు మూసుకుని. అది కూడా వాడికి ఎంతోసేపు చేతకాలేదు. షాపు ముందు సైకిల్ దిగుతూనే మొదలుపెట్టాడు.

“ఆ నాలుగూ ఆగే చోట్లని వేద్దాం బావా. ‘ఎదురుచూపు’ అని పేరు పెడదాం. జనానికి నచ్చుతుంది.”

“మీ అక్క కూర్చున్న మెట్టు నీ జనం కోసం కాదు.”

కాసేపు హ్యాండిల్ మీద చెయ్యి ఆడించాడు. “పోనీ ఎదురుగాలి అని వేయనా? నువ్వన్నదే ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలీదు.”

వాడు నా మీద జాలిపడ్డాడు. దాన్ని కూడా నేను మరచిపోను.

ఎ 40 అలాగే ఉంచమన్నాను. పట్టీలో ‘ఎ’ పక్కన ఏమీ వేయొద్దన్నాను. మరి దారి ఎటు వేయాలని అడిగాడు. అక్క రాసినట్టే తిప్పేయనా అన్నాడు. వద్దు, వంతెన నుంచి కిందికే ఉంచు అన్నాను. నిన్నటి నుంచి దీని కోసమే కదా నా ప్రాణం తీశావు, ఇప్పుడేమొచ్చింది అన్నాడు. నేను ఎదురొస్తానన్నది ఇటు నుంచే. షాపు బల్ల మీద మా కోసం కాచుకుని కూర్చున్న ప్రెస్సాయన, పట్టీలో ఒక గడి ఖాళీగా వదిలితే తన తప్పనుకుంటారని గొణిగాడు. అనుకోనీ అన్నాను.

అట్ట మీద ఆమె పేరుంది. ఆదివారాలు పదిమంది, పదిహేనుమంది వంతెన దగ్గర బయల్దేరి రేవు వైపు వెళ్తారు. ఆ దారి ఆమె రాసినట్టు లేదు. తిప్పింది బావమరిదే, నేను కాదు. ఆ మాట మీదే ఉన్నాను.

కాగితం పట్టుకుని కొందరు షాపులోకి వస్తారు. ‘ఎ’ అంటే ఏమిటని అడుగుతారు. బ్రేకులు చూసి పంపించేస్తాను. ఒక్కసారి చెప్పాను, ఇక్కడ. బావమరిది అడిగినా, రేవులో ఆవిడ అడిగినా, ఇంకెవరు అడిగినా ఈ సంగతి ఇక మాట్లాడను.