మంగళవారపు గడ్డం

మంగళవారం క్షవరం చేయించుకుంటే ఆయుష్షులో ఎనిమిది నెలలు తరిగిపోతాయని ఒక నమ్మకం. ఎనిమిదే ఎందుకో, తొమ్మిది ఎందుకు కాదో చెప్పినవారు లేరు. ఆ నమ్మకం పుణ్యాన శ్రీహరిపురంలోని అర్జునరావు సెలూనుకు వారానికొక సెలవు దక్కింది. తీరిక దొరికేది ఆ ఒక్కరోజే కాబట్టి అతను తన గడ్డం తాను గీసుకునేదీ మంగళవారమే. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే వరస. లెక్క ప్రకారం అతను పుట్టడానికి వెయ్యేళ్ల ముందే పోయి ఉండాలి.

నవంబరు ఆఖరి మంగళవారం పొద్దున అతను ఎడమ చెంపకు పాత సబ్బు, కుడి చెంపకు కొత్త సబ్బు పట్టించుకుంటున్నాడు. పాతది ఇరవై ఏళ్లుగా వాడుతున్న గుండ్రటి బిళ్ల. తయారీ ఆగిపోయింది, మిగిలినది వేలి మందానికి అరిగింది. కొత్తది పూర్ణా మార్కెట్‌లో నాలుగు కొట్లు తిరిగి తెచ్చాడు. దానికి వాసన లేదు, చల్లదనం కోసం కలిపే పిప్పరమెంటు లేదు. బ్రష్షును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి బిళ్ల మీద తిప్పితే మొదట బుడగలే వచ్చాయి. నీళ్లు ఎక్కువయ్యాయని గ్రహించి, బ్రష్షు విదిలించి, ఈసారి చుక్కచుక్కగా తడి చేర్చాడు. నురగ చిక్కబడి మీగడలా కుచ్చును పట్టుకుంది. కత్తి కుడి చెంప మీద చప్పుడు లేకుండా జారింది. ఎడమ చెంప మీద సన్నగా గరగరలాడింది. తర్వాత అద్దం ముందే గంటసేపు కూర్చున్నాడు.

"పెళ్లికొడుకులాగ ఏటలా కూకుండిపోయావు?" అంది భార్య గౌరీశ్వరి.

"సెంప మండుద్దేమోనని సూత్తన్నాను."

"మండిందా?"

"ఎడంది మండింది."

"అయితే కుడిదాన్నే తీసుకెల్లు," అందామె, కూరగాయల సంచీ అందుకుని వెళ్లిపోతూ.

అతను వెళ్లవలసింది మల్కాపురం, సింహాద్రి ఇంటికి. సింహాద్రి ఓడరేవులో ముప్పై మూడేళ్లు ఖలాసీగా పనిచేసి రిటైరయ్యాడు. రోజు విడిచి రోజు అర్జునరావు కుర్చీలో గడ్డం చేయించుకునేవాడు. పదకొండేళ్లుగా ఉన్న ఊపిరితిత్తుల జబ్బు సెప్టెంబరులో మంచం పట్టించింది. మందులకు చర్మం ఉల్లిపొరలా పలచబడింది. అప్పుడు పాత సబ్బుతో చేసిన గడ్డానికి చెంపలు రెండూ ఎర్రగా కమిలి వారం రోజులు మండాయి. ఆ తర్వాత అతని ముఖం మీద ఎవరూ కత్తి పెట్టలేదు.

పెన్షనుదారు ఏటా నవంబరులో తాను బతికి ఉన్నట్టు నిరూపించుకోవాలి. ఇనప తాళ్లు లాగి లాగి సింహాద్రి వేళ్లు నున్నగా అరిగిపోయాయి. వేలిముద్రల మిషను వాటిని చదవలేదు. ఫోనులో ముఖం చూపిస్తే చాలన్నారు. ఆ ముఖం మీద ఇప్పుడు రెండు వేళ్ల మందాన తెల్లటి గడ్డం ఉంది. ఫోను రెండుసార్లు కాదంది. ఆదివారంతో గడువు ముగుస్తుంది. పెన్షను ఆగితే ఆక్సిజన్ మిషను అద్దెకిచ్చినవాడు దాన్ని పట్టుకుపోతాడు.

సింహాద్రి భార్య చిట్టమ్మ గుమ్మంలోనే అడ్డుపడింది.

"ఈవేళ మంగళారం తమ్ముడూ. రేపు పొద్దున్నే వచ్చి గీసీ."

"రేపు కొట్టు తియ్యాలక్కా."

"రాత్రంతా ఎగూపిరితో ఉన్నాడు. ఇలాటప్పుడు మంగళారం కత్తి పెడతారేటి?"

"నాను ముప్పయ్యెనిమిదేళ్ల నుంచి మంగళారమే గీసుకుంటన్నాను. నాకేటైనా అయ్యిందా? సూడు."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. లోపలి నుంచి సింహాద్రి గొంతు పిల్లికూతల మధ్య వినిపించింది.

"రానీయే. ఎదురుగుండా ఊపిరి తీత్తంటే మనిషి లేడంటాది ఆ ఫోను. ముందు దాని సంగతి సూడనీ."

చిట్టమ్మ నీళ్లు కాచడానికి వెళ్లింది.

అర్జునరావు ముందు కత్తెరతో గడ్డం పొట్టిగా కత్తిరించాడు. వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు చెంపలకు అద్ది, నురగ పట్టించాడు. ఎడమ బొటనవేలితో చర్మాన్ని సాగదీసి, కత్తిని దాని బరువుకే వదిలేస్తూ, వెంట్రుక వాలు వెంట ఒక్కొక్క బారు తీసుకుంటూ వచ్చాడు. చెంపలు, చుబుకం, మెడ అయ్యాయి. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది కాబట్టి పైపెదవిని ఆఖరుకు ఉంచాడు.

"బావా, పది లెక్కెడతాను. ఊపిరి బిగబట్టు."

గొట్టం తీసి, ఎనిమిది అనేసరికి పని ముగించి, మళ్లీ పెట్టాడు. ఎక్కడా రక్తపు చుక్క లేదు. సింహాద్రి నున్నటి వేళ్లతో చెంప తడుముకున్నాడు.

"మండట్లేదు బావా. ఏ సబ్బిది?"

"కొత్తది."

"ఇన్నాళ్లూ ఎక్కడ దాసుకున్నావు మరి?"

వీధి చివర జిరాక్సు కొట్టు నడిపే రాధ వచ్చి ఫోను ముఖానికి ఎదురుగా పట్టింది. కళ్లు ఆర్పమంది. ఆర్పాడు. తెర మీది వలయం పచ్చబడింది.

"అయిపోయింది బాబాయ్. ప్రింటు తీసి తెస్తాను."

"ఇప్పుడు నాను ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

సింహాద్రి తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. చిట్టమ్మ భోజనం చేసి వెళ్లమంటే అర్జునరావు వంటగదిలో పీట మీద కూర్చుని చేపల పులుసుతో తిన్నాడు. రాత్రి నిద్ర లేదు కదా, కాసేపు పడుకోనీ అన్నాడు ఆమెతో. రెండు గంటలకు ఆమె గంజి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

"తమ్ముడూ," అని ఒక్కసారే పిలిచింది.

మిషను ఇంకా గాలి పంపుతూనే ఉంది. అర్జునరావు చేతి వెనక భాగం ముక్కు దగ్గర పెట్టి చూశాడు. తర్వాత, ఎందుకో తనకే తెలియకుండా, చెంప మీద పెట్టాడు. వెచ్చగా, నునుపుగా ఉంది.

నాలుగు వీధుల అవతల నుంచి డాక్టరు వచ్చి, పాత కాగితాలు తిరగేసి, ఊపిరితిత్తుల జబ్బు అని రాసి వెళ్లాడు. చిట్టమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది. ఏడవలేదు.

"రేపు బుధారం తమ్ముడూ," అంది.

పదకొండేళ్ల జబ్బు, రాత్రంతా ఎగూపిరి, డాక్టరు రాసిన కాగితం: చెప్పడానికి అర్జునరావు దగ్గర అన్నీ ఉన్నాయి. ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె ఇక అతని ముఖంలోకి చూడలేదు.

మూడు గంటలకు రాధ వచ్చింది. గుమ్మంలో పోగైన చెప్పులు చూసి ఆగింది. లోపలికి వచ్చి, చేతిలోని కాగితం ఎవరికి ఇవ్వాలో తెలియక, కిటికీ గట్టు మీద పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద గంజి గ్లాసు ఉంచింది.

కాగితం మీద సింహాద్రి ఫోటో ఉంది, నున్నటి చెంపలతో, కళ్లు తెరుచుకుని. కింద ఆ రోజు తేదీ, ఉదయం పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు, పెన్షనుదారు జీవించి ఉన్నారు, ఏడాదిపాటు చెల్లుతుంది అని ఉంది.