కడ్డీ మీద రబ్బరు రింగు

మా చెల్లెలి మొగుడు కారు నడుపుతుంటే పక్కన నడిచే మనిషి ముందు ఇల్లు చేరతాడు. అతనిది కళ్ళజోళ్ళ దుకాణం. రోజంతా జనాల చేత గోడ మీది అక్షరాలు చదివిస్తాడు. దారిలో గతుకు కనిపిస్తే ఆగి, దాని అనుమతి తీసుకుని మరీ దాటే రకం. వీధిలో అందరూ అతన్ని నత్త అంటారు. నేను మాత్రం ఎదురుగా బావ అనే అంటాను. అలాంటి మనిషి ఒకరోజు తన పాత జీపు వేసుకుని నా షెడ్డుకి వచ్చి సస్పెన్షన్ మార్చమన్నాడు.

"ఎత్తు పెంచాలా బావా?"

"ఎత్తు కొంచెం చాలు. చక్రం పైకీ కిందికీ బాగా ఆడాలి. గుంటలోకి దిగినా నేలని వదలకూడదు. స్ప్రింగులు గట్టివి వద్దు, పొడుగ్గా మెత్తగా ఉండాలి."

చేతులు తుడుచుకుంటున్న గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయాను. నా దగ్గరికి వచ్చే సోకులరాయుళ్ళంతా ఎత్తే అడుగుతారు. సిగ్నల్ దగ్గర పక్క కారు వాడు తలెత్తి చూస్తే చాలు వాళ్ళకి. చక్రం నేలని వదలకూడదని అడిగేది నిజంగా రాళ్ళలోకి బండి దించేవాళ్ళు. ఈయనకి ఆ మాట ఎవరు నూరిపోశారు?

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"ఫోన్‌లో చూశాను," అని నీళ్ళు నమిలాడు. వెళ్ళేవాడు గుమ్మం దగ్గర ఆగాడు. "మీ చెల్లెలికి మాత్రం చెప్పకు బావా. ఊరికే కంగారు పడుతుంది."

ఆ ఒక్క మాటతో నాలో అనుమానం మొదలైంది.

నాకు ఉన్నది ఆ చెల్లెలొక్కతే. ఇద్దరం ఈ షెడ్డులోనే, నాన్న కాళ్ళ దగ్గర పెరిగాం. నేను స్పానర్లు పట్టుకుంటే అది స్టీరింగ్ పట్టుకుంది. కొండ దారుల్లో దాన్ని మించి నడిపేవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. ఒక రాతి వాలు మీద వెనక చక్రం గాల్లో వేలాడి, జీపు బోల్తా కొట్టేదాకా అది నాకు గర్వంగానే ఉండేది. ఇప్పుడు దాని భుజంలో ఇనుప పట్టీ ఉంది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, మళ్ళీ కొండ మీద స్టీరింగ్ ముట్టుకుంటే నేను నీకు అన్ననే కాదన్నాను. తలూపింది. అప్పటినుంచి మా మధ్య బళ్ళ మాటే లేదు. కలిస్తే ఉల్లిపాయల ధర గురించి మాట్లాడుకుంటాం. దాని సంసారమైనా చల్లగా ఉంటే చాలనుకునేవాణ్ణి.

పని మాత్రం ఒళ్ళు దాచుకోకుండా చేశాను. పాత స్ప్రింగులు తీసి మెత్తటివి వేశాను. పొడుగు షాకబ్జార్బర్లు బిగించాను. చక్రం అంత కిందికి దిగితే బ్రేకు గొట్టం తెగుతుంది కాబట్టి దాన్నీ పొడిగించాను. దిగడానికీ ఒక హద్దుండాలి కదా, ముందూ వెనకా ఇరుసులకీ చాసిస్‌కీ మధ్య రెండేసి గట్టి పట్టీలు కట్టాను. చివరగా సైకిల్ ట్యూబు సన్నగా కోసి, ప్రతి షాకబ్జార్బర్ కడ్డీకీ అడుగున ఒక రింగు తొడిగాను. అది మా నాన్న అలవాటు. చక్రం పైకి లేచినప్పుడల్లా షాకబ్జార్బర్ కింది గొట్టం వచ్చి రింగుని కడ్డీ మీద పైకి నెడుతుంది, తిరిగి వెళ్ళేటప్పుడు అక్కడే వదిలేస్తుంది. బండి ఎలాంటి దారి తొక్కిందో యజమాని చెప్పకపోయినా రింగు చెబుతుంది.

వారం తిరిగాక బోల్టులు బిగించుకోవడానికి రమ్మన్నాను. బావ వచ్చాడు.

"ఎక్కడెక్కడ తిప్పావు?"

"ఎక్కడికీ లేదు. దుకాణానికీ ఇంటికీ, అంతే," అన్నాడు నా మొహం తప్ప షెడ్డులో ఉన్న ప్రతి సామానూ చూస్తూ.

నా చెవిలో పువ్వు పెడుతున్నాడని జీపు కింద దూరగానే తెలిసిపోయింది. నాలుగు రింగులూ దాదాపు కడ్డీ పై చివరిదాకా వెళ్ళి ఉన్నాయి. దుకాణం దారిలో అంత పెద్ద గోతులు పడితే ఈపాటికి ఊరే మిగిలేది కాదు. అంతకన్నా నన్ను ఆపేసింది ఇంకోటి. నాలుగూ చివరికి ఒక వేలెడు దూరంలోనే ఆగాయి. పైన దెబ్బ కాసే రబ్బరు దిమ్మల మీద గీత కూడా లేదు. అంటే ఎవరో ఈ బండిని చివరిదాకా వాడుకున్నారు, ఒక్కసారి కూడా గుద్దుకోనివ్వలేదు. ఒక్కో చక్రాన్నీ ఒక్కో రాయి మీద చూసి చూసి పెట్టే చెయ్యి అది. నత్త చెయ్యి కాదు.

బయటికి వచ్చి తలుపు తీసి చూశాను. డ్రైవర్ సీటు బాగా ముందుకి జరిపి ఉంది. వెనక్కి జరపడం తోచక, బావ మోకాళ్ళు గడ్డానికి తగిలించుకుని మరీ ఇక్కడిదాకా నడుపుకొచ్చినట్టున్నాడు. కొండల్లో నడిపింది మాత్రం ఎవరో పొట్టి మనిషి. ఆడమనిషి.

అరికాలి మంట నెత్తికెక్కింది. చెల్లెలికి చెప్పకు అన్నది ఇందుకన్నమాట. ఏ వగలాడినో పక్కనేసుకుని కొండలెక్కుతున్నాడు, పైగా నా చేతే బండి సిద్ధం చేయించుకున్నాడు. అతను టీ తాగి వస్తానని బయటికి వెళ్ళగానే మళ్ళీ కింద దూరి, వెనక పట్టీలు రెండింటినీ బాగా కుదించి బిగించేశాను. ఇక చక్రం కిందికి దిగదు. మొదటి గుంట దగ్గరే గాల్లో తిరుగుతూ ఉండిపోతుంది. అక్కడ ఆ మహాతల్లి ముందు పరువు పోగొట్టుకుని, తోసుకుంటూ తిరిగి రానీ అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చెల్లెలింటికి వెళ్ళాను. జీపు గేటు బయటే ఉంది. బావ దాని అద్దాలు తుడుస్తున్నాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. పలకరించకుండా లోపలికి వెళ్ళాను. చెల్లెలు వంటింట్లో సీసాల్లోకి మంచినీళ్ళు పోస్తోంది.

"కూర్చో. నీకో మాట చెప్పాలి," అన్నాను.

"నిలబడే వింటాను, చెప్పు."

"నీ మొగుడి జీపుని ఎవరో ఆడమనిషి నడుపుతోంది. కొండల్లోకి వెళ్తున్నారు. నాకు సాక్ష్యం ఉంది."

అది సీసా మూత బిగించింది. ఏడుస్తుందనుకున్నాను. మొహంలో నవ్వు ఆపుకుంటున్నట్టుంది.

"బాగా నడుపుతోందా?" అంది.

"వేళాకోళమా? బాగానే నడుపుతోంది. అదే నాకు మింగుడు పడటం లేదు."

"రింగు ఎంతదాకా వెళ్ళింది అన్నయ్యా?"

"వేలెడు దూరంలో..." అంటూ ఆగాను. రింగు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

అది నా వైపే చూస్తోంది. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంది, ఆపరేషన్ తర్వాత ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఆసుపత్రిలో నేనన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నాకు కోపం రావాలి. రాలేదు. కిటికీలోంచి గేటు బయటి జీపుకేసి చూశాను.

"ఇప్పుడు ఎక్కడికి బయల్దేరారు?"

"ఆ రాతి వాలుకే. పడ్డచోటే ఎక్కాలి నేను. వేరే దారులన్నీ ఎక్కి చూశాను. ఇక ఇదే మిగిలింది."

"వద్దు."

"నువ్వు అన్నవి కాకపోయినా సరే, వెళ్తాను," అంది మెల్లగా. "నువ్వు నాకు కాకుండా పోతావేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను. కానీ కొండ లేకుండా నాకు ఊపిరాడటం లేదు."

"వద్దంటున్నది అందుకు కాదు. పట్టీలు కుదించాను. నిన్న. నీ మొగుడికి బుద్ధి చెబుదామని. ఆ వాలు మీద వెనక చక్రం దిగదు. గాల్లో ఉండిపోతుంది."

సీసా గట్టు మీద పెట్టేసింది. అప్పుడూ చక్రం గాల్లోనే ఉండిపోయింది, ఇద్దరికీ తెలుసు. నేను పదినిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే నా చేతుల్తోనే దాన్ని మళ్ళీ అదే వాలు మీద దొర్లించేవాణ్ణి.

"నన్ను అడిగి ఉంటే సరిపోయేది కదా," అంది.

"చెల్లెలికి చెప్పకు అన్నాడు మీ ఆయన."

అది కిటికీలోంచి కేక పెట్టింది. "చెప్పకు అని మిమ్మల్ని ఎవరు అనమన్నారు?"

"కంగారులో వచ్చేసింది," అన్నాడు బావ బయటి నుంచి.

జాకీ తెచ్చి జీపు కింద పడుకున్నాను. తొందరలో స్పానర్ రెండుసార్లు జారింది. చెల్లెలు నా పక్కనే నేల మీద పడుకుని, చిన్నప్పటిలా, అడక్కుండానే ఒక్కొక్క బోల్టూ అందించింది. పట్టీలు పాత కొలతకి వదిలాను. అది లాగి చూసింది. నన్ను నమ్మకుండా రెండోసారి కూడా లాగి చూసింది. చూడాల్సిందే.

"రింగు కనిపించింది కదా. అడుగుకి నెట్టేసి ఉంటే నాకు ఏమీ తెలిసేది కాదు," అన్నాను.

"మొదటి రోజే చూశాను. నెట్టెయ్యాలని చెయ్యి కూడా పెట్టాను," అంది. "నోటితో చెప్పే ధైర్యం లేదు నాకు. నాన్న లేకపోయినా నా డ్రైవింగ్ చదవగలిగేవాడివి నువ్వొక్కడివే ఉన్నావు. చదువుతావని వదిలేశాను."

ఎదురుగా కడ్డీ చివర, వేలెడు దూరంలో ఉంది రింగు. అంత చక్కగా రాసి పెడితే అందులో వేరే ఆడదాన్ని చదివాను.

బావ వంగి కిందికి తొంగి చూశాడు. "అయిపోయిందా? ఇంకా ఏం చేస్తున్నావు బావా?"

రెండు వేళ్ళతో రింగుని పట్టుకుని, కడ్డీ అడుగుదాకా దించాను. తర్వాత మిగతా చక్రాల దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాను.

"మళ్ళీ కొలవాలి కదా," అన్నాను. "నువ్వు వెనక సీట్లో కూర్చో. ముందు, చెల్లెలి పక్కన, నేను కూర్చుంటాను."