బోర్తొలో చేసిన అమెరికా రివాల్వరు

పళ్ళ డాక్టరు కార్మినాతీ ఆ ఆదివారం బెర్గమో నుంచి వస్తూనే, కారు తలుపైనా వెయ్యకుండా, ఒక చెక్కపెట్టెను రెండు చేతులా పట్టుకుని షూటింగ్ క్లబ్బులోకి నడిచొచ్చాడు. మా లోయలో తుపాకీని అంత భక్తిగా మోసేవాడు ఒక్కడూ లేడు. ఇక్కడ తుపాకీ అంటే పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకెళ్ళి చేసొచ్చే పని, అంతే.

క్వారీ వెనక మెల్లా వాగు ఒడ్డున ఉన్న ఆ షూటింగ్ క్లబ్బులో సభ్యులు పట్టుమని పదిమంది లేరు. డాక్టరు తప్ప మిగతావాళ్ళందరూ లోయలోని కార్ఖానాల్లో రిటైరైనవాళ్ళే. నూట అరవై ఏళ్ళనాటి అమెరికా రివాల్వర్లకు నకళ్ళు చేసి పిల్లల్ని పెంచుకున్నవాళ్ళు. వాటిలో తూటాలుండవు. ఒక్కొక్క అరలో తుపాకీమందు పొయ్యాలి, దాని మీద కాస్త రవ్వ, రవ్వ మీద సీసపు గుండు కూరాలి, పైన కొవ్వు పుయ్యాలి. ఒక్కసారి కాలిస్తే ఊరంతా పొగ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వాటితోనే చేతులు నల్లబడ్డాయి, ఇప్పుడు పనిలేక మళ్ళీ వాటితోనే నల్లబరుచుకుంటున్నారు.

వాళ్ళలో బోర్తొలో జుబానీకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మాట తక్కువ, ఉక్రోషం ఎక్కువ. అరిస్తీదెగారి కార్ఖానాలో ముప్ఫై తొమ్మిదేళ్ళు ఫిట్టరుగా చేశాడు. ముడి భాగాలు తట్టలకెత్తి అతని ముందు పడేసేవారు. వాటిని ఆకురాయితో రాసి, కూర్చి, తుపాకీ వెనక ఉండే సుత్తిని లాగితే, గుళ్ళ అరలున్న సిలిండరు తిరిగి సరిగ్గా బారెల్ ఎదుట ఆగేటట్టు చెయ్యాలి. నాలుగు టిక్కులు వినపడాలి, నాలుగోదానికి తాళం పడాలి. ఆ పనిని అతను కళ్ళతో కాదు, చెవితో చేసేవాడు. బాగా చేస్తే ఎవరూ పలికేవారు కాదు. చెడితే మాత్రం పేరు పెట్టి పిలిచి మరీ తిట్టేవారు. ముప్ఫై తొమ్మిదేళ్ళలో "బాగుందిరా బోర్తొలో" అన్న పాపాన ఎవడూ పోలేదు. ఆ మంట అతనికి కడుపులో అలాగే ఉండిపోయింది. ఇంట్లో చెప్పుకుంటే భార్య ఓర్సొలా నవ్వేసి, నేను వండిన పొలెంతా సంకటిని నువ్వెప్పుడైనా బాగుందన్నావా అని అడిగేది.

డాక్టరు పెట్టె తెరిచాడు. లోపల నీలం మఖమలు గుడ్డ మీద రివాల్వరు. అసలుదట, నకలు కాదట, అమెరికాలో అన్నదమ్ములు కొట్టుకుచచ్చిన యుద్ధంలో ఒక ఆశ్విక సైనికుడి నడుముకు వేలాడిందట. మ్యూనిక్ వేలంలో కొత్త కారు కొనేంత డబ్బు పోసి కొన్నాడు. ముసలాళ్ళంతా మూగారు. డాక్టరు సుత్తిని మెల్లగా వెనక్కి లాగి వినిపించాడు. నాలుగు టిక్కులు.

"విన్నారా? ఈ చెయ్యి ఇప్పుడెక్కడుందండీ? ఏమనుకోకండి, మీ లోయవాళ్ళు చేసే నకళ్ళు సుత్తి లాగితే ఇనప గేటు తీసినట్టుంటాయి. ఇది చేసినవాడు కళాకారుడు" అన్నాడు.

ఎవరూ ఏమీ అనుకోలేదు. పైపెచ్చు ఔనౌనన్నారు. క్లబ్బు కార్యదర్శి జిల్డో, బోర్తొలోతో పక్కపక్క బల్లల మీద ఇరవై ఏళ్ళు పనిచేసినవాడు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఆ అమెరికావాళ్ళ ఓపికే వేరు, మనం గంటకు ఇన్నని లెక్కకు చేసినవాళ్ళం అన్నాడు. ఇత్తడి పనిలో రిటైరైన ఇంకొకాయన చట్రం అతుకు దగ్గర గోరు పెట్టి, సందే తెలియడం లేదని ముక్కు మీద వేలేసుకున్నాడు. ఆ తర్వాత రివాల్వరు చేతులు మారి బోర్తొలో దగ్గరికి వచ్చింది.

అతను ఒక్కసారి లాగాడు. నాలుగో టిక్కు పడేసరికి రివాల్వరును చెవికి ఆనించుకుని మళ్ళీ లాగాడు.

అది అతని పనే. కన్నబిడ్డ గొంతు పోల్చుకోని తండ్రి ఉంటాడా? పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో అరిస్తీదెగారు అతన్ని గదిలోకి పిలిచి, ఒక విదేశీయుడికి ఒక్కటంటే ఒక్కటి, దివ్యంగా చేసిపెట్టమన్నాడు. నాలుగు నెలలు పట్టింది. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు, చేతులు వజ్రాలు. అయ్యాక తీసుకెళ్ళి బల్ల మీద పెడితే అరిస్తీదెగారు చూసి, "ఇంతసేపా?" అన్నాడు. ఆ ఒక్క మాటే. ప్రతి తుపాకీకీ తప్పనిసరైన సర్కారు పరీక్షకు దాన్ని పంపలేదు, ముద్రా వేయించలేదు, కొన్నవాడి దేశంలో వేస్తార్లే అన్నాడు. అది ఎటు పోయిందో బోర్తొలోకి మళ్ళీ తెలియలేదు. ఇదిగో, యాభై ఏళ్ళు తిరిగి, ఎవడో ఆమ్లం పూసి పుట్టించిన తుప్పు మచ్చలతో, ఎవడో చెక్కిన దొంగ నంబరుతో, చచ్చిన అమెరికావాడి పేరు మీద వచ్చి చేతిలో కూర్చుంది.

ఆ మచ్చలు చూస్తే ఒళ్ళు మండింది. ఇందాకటి మాటలు తలుచుకుంటే మాత్రం గుండె ఉబ్బింది. కళాకారుడట! అన్నది డాక్టరు, తలలూపింది జిల్డో, సందు కనబడలేదన్నది నలభై ఏళ్ళు ఇత్తడి పనిచేసిన మనిషి. ఇది నేను చేశాను అని ఒక్క మాట అంటే చాలు, ఆ మెప్పంతా వచ్చి తన ఒళ్ళో పడుతుంది. నోటి చివరిదాకా వచ్చింది. అనకుండానే తిరిగి ఇచ్చేశాడు.

పోటీ మొదలైంది. పదమూడు గుళ్ళు, అరగంట. డాక్టరు అసలు తుపాకుల వరసలో ఒక్కడే, మిగతావాళ్ళంతా నకళ్ళ వరసలో. డాక్టరు బాగానే కాలుస్తున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన కాల్చడం కాదు, ఆ రివాల్వరే కాలుస్తోంది. గుళ్ళన్నీ నల్లచుక్కలోనే పడుతుంటే బోర్తొలో తన వంతు మరిచిపోయి అటే చూస్తున్నాడు.

ఎనిమిదో గుండు పేలలేదు. డాక్టరు విప్పి చూశాడు. సిలిండరు వెనక ఒక్కొక్క అరకూ ఒక చిన్న మరగొట్టం ఉంటుంది. దాని నెత్తిన పిల్లలు ఆటతుపాకీలో పేల్చే కేపంత రాగి కేపు తొడిగితే, సుత్తి దెబ్బకు నిప్పు అందులోంచే లోపలికి దిగుతుంది. అలాంటి గొట్టం ఒకటి మూతి పగిలింది. డాక్టరు ముఖం చిన్నబోయింది. అసలు తుపాకీకి మరగొట్టం ఇప్పుడెక్కడ దొరుకుతుందని తల పట్టుకున్నాడు.

బోర్తొలో జేబులోంచి రేకుడబ్బా తీసి, ఒక మరగొట్టం అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపాడు.

డాక్టరు నవ్వాడు. "మీది పట్టదు బోర్తొలోగారూ. మీ లోయ మరలన్నీ మిల్లీమీటర్ల లెక్క. అమెరికావాళ్ళది అంగుళాల లెక్క."

"పెట్టి చూడండి."

డాక్టరు ముసలాయన మనసు నొప్పించడం ఇష్టంలేక పెట్టి తిప్పాడు. అది వేళ్ళతోనే సాఫీగా, ఆఖరి చుట్టుదాకా దిగిపోయింది. పక్క బల్లల దగ్గర కాల్పులు ఆగాయి. అక్కడున్న ముసలాళ్ళందరికీ ఆ మరలు నిద్రలో కూడా తెలుసు. లోయలో మరలు కోసే పనిముట్లన్నీ మిల్లీమీటర్లవే, ఆ రోజుల్లో ఇంకో రకం ఉంటుందని బోర్తొలోకి తోచనైనా లేదు. నాలుగు నెలలు కష్టపడి అంతా అమెరికాదే అనిపించేలా చేసి, మరలు మాత్రం చేతి అలవాటు కొద్దీ లోయ మరలే కోశాడు.

ముందు తేరుకున్నవాడు డాక్టరే. పాత యజమాని ఎవడో మరలు అరిగిపోతే మళ్ళీ కోయించి ఉంటాడన్నాడు.

"పిడి చెక్క విప్పండి" అన్నాడు బోర్తొలో. "ఇత్తడి చట్రం లోపలి అంచున మూడు గాట్లుంటాయి. ఎడమ పక్క."

అరిస్తీదెగారి కార్ఖానాలో ఒక్కొక్క ఫిట్టరూ తన పనికి లోపల ఒక గుర్తు పెట్టాలి. ఎందుకూ, రేపు ఫిర్యాదు వస్తే ఎవణ్ణి తిట్టాలో తెలియాలిగా. జిల్డోది ఒక చుక్క, బోర్తొలోది ఆకురాయితో మూడు గాట్లు. జిల్డో స్క్రూడ్రైవరు తెచ్చి పిడి విప్పాడు. చెక్క ఊడింది. మూడు గాట్లు, ఎడమ పక్క, నిన్న గీసినట్టు మెరుస్తున్నాయి.

బోర్తొలో చుట్టూ చూశాడు. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని చూశాడు. పిచ్చి మనిషి.

ఇత్తడి ఆయన ముందుకు వంగి, అదేమిటో, అతుకు దగ్గర కాస్త సందున్నట్టే నాకు ముందే అనిపించిందన్నాడు. జిల్డో సుత్తిని రెండుసార్లు లాగి విని, మూడో టిక్కు కాస్త బిరుసు అన్నాడు. గంట కిందట తలూపిన తలే అది. బోర్తొలో డాక్టరు వైపు తిరిగాడు.

"డాక్టరుగారూ, ఇందాక మీరు కళాకారుడన్నది ఇది చేసినవాణ్ణే కదా?"

డాక్టరు అతని వంక చూడకుండా మఖమలు గుడ్డ సర్దుకుంటూ, "అది వేరు" అన్నాడు. ఆ వెంటనే, "ఇలాంటివి ఇంకెన్ని చేశారు?" అని అడిగాడు. దొంగను అడిగినట్టు అడిగాడు.

"ఒక్కటే."

జిల్డో పోటీ లెక్కల కాగితం తెచ్చాడు. డాక్టరు కాల్చిన గుళ్ళను అసలు వరసలోంచి కొట్టేసి నకళ్ళ వరసలో రాయడం మొదలెట్టాడు. ఆ వరసలో తయారీదారు పేరుకొక గడి ఉంది. అక్కడికి వచ్చి కలం ఆపాడు. బోర్తొలో మెడ చాపి చూశాడు. తిట్లలో తప్ప ఎక్కడా పడని పేరు, కనీసం ఈ కాగితం మీదైనా పడుతుందేమోనని.

"ముద్ర లేని తుపాకీరా ఇది" అన్నాడు జిల్డో గొంతు తగ్గించి. "నీ పేరు రాస్తే రేపు పోలీసులు నీ ఇంటికొస్తారు, ఎల్లుండి నా ఇంటికి. ఇవ్వాళ మనమెవరం ఏమీ చూడలేదు." ఆ గడిలోనే కాదు, వరస మొత్తం మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

పోటీ ఎవరు గెలిచారో కూడా బోర్తొలో చూడలేదు. సంచి సర్దుకుని కార్ల దగ్గరికి నడిచాడు. వెనకే డాక్టరు వచ్చాడు. చుట్టూ ఒకసారి చూసి, పెట్టెను తన కారు ముందు భాగం మీద పెట్టాడు. ఇందాకటి మర్యాద మళ్ళీ గొంతులోకి వచ్చింది.

"నేను దీన్ని ఉంచుకోనండి. మ్యూనిక్‌లో ఒకాయన అడుగుతూనే ఉన్నాడు. కాకపోతే ఆ మరలు పూడ్చి అంగుళాల మరలు కోయాలి. లోపలి గాట్లు కనబడకుండా చెయ్యాలి. వేరేవాడు ముట్టుకుంటే తెలిసిపోతుంది."

బోర్తొలోకి ఛీ అనాలనే ఉంది. పెట్టె ఎత్తి వాగులో పారెయ్యాలని కూడా ఉంది.

"ఇంత గొప్ప పని మీద ఇంకొకడి చెయ్యి పడకూడదు బోర్తొలోగారూ. ఇది మీరొక్కరే చెయ్యగలరు. ఈ లోకంలో ఇంకెవరివల్లా కాదు."

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన గాట్లు తనే చెరిపెయ్యాలని అడుగుతున్నాడని తెలుసు, ఆ మాట ఎందుకంటున్నాడో తెలుసు, తెలిసి కూడా అది చెవుల్లో ఇంకా వినబడుతూనే ఉంది. సంచి కింద పెట్టి, రెండు చేతులూ చాపి పెట్టె అందుకున్నాడు.

"నాలుగు నెలలు పడుతుంది" అన్నాడు.