గయ్యాళికి కొత్త పలుపు

దూడ మళ్ళీ బకెట్ తన్నేసింది. నీళ్ళకు కాపరి పంట్లాం మోకాళ్ళదాకా తడిసిపోయింది.

"నీ దుంపతెగ! పొద్దున్నే మొదలెట్టావా?"

తిడుతూనే దాని వీపు తోమసాగాడు. పరిశోధనశాల కాగితాల్లో ఆ దూడకు ఒక అంకె ఉంది. ఆయన మాత్రం గయ్యాళి అనే పిలిచేవాడు. దాని ఛాతీలో పుట్టుకతో వచ్చిన గుండె తీసేసి చిన్న మర పెట్టారు. పక్కటెముకల మధ్యనుంచి బయటికి వచ్చిన తీగ, మరను నడిపే చక్రాల పెట్టెకు తగిలించి ఉంటుంది. ఆ మర కొట్టుకోదు, నెత్తురును ఆపకుండా తోస్తూనే ఉంటుంది. మెడమీద చెయ్యి వేస్తే నాడి ఆడదు. మొదట్లో ఆయనకు ముచ్చెమటలు పోసేవి. ఇప్పుడు వెచ్చగా ఉందని చూసుకుని ఊరుకుంటాడు.

ఇంతకుముందు మర పెట్టిన దూడలన్నీ పరీక్ష మధ్యలోనే పోయాయి. వాటిని కడిగి కోతకు పంపిందీ ఆయనే. సొంత అన్న గుండెజబ్బుతో పోయాడు కనుక ఈ పని తప్పని ఏనాడూ అనుకోలేదు. గయ్యాళి మాత్రం డాక్టర్లు పెట్టుకున్న గడువు దాటింది. నిన్న డాక్టర్లు చప్పట్లు కొట్టి, కేకు కోసి, ఆయనకూ ఒక ముక్క పెట్టారు. ఆ సంబరంలో ఆయన మెత్తటి నూలు పలుపు కొన్నాడు, దాన్ని కట్టేసుకోవడానికి చెల్లెలి పాకలో చోటు అడిగాడు. పొద్దున రాగానే పలుపును కొట్టంలో మేకుకు తగిలించాడు.

"ఇక దీన్ని నాకిచ్చేయండమ్మా. పెట్టెకి చక్రాలున్నాయిగా, తోసుకుపోతా," అన్నాడు చిన్న డాక్టరమ్మ రాగానే.

ఆమె తల దించుకుంది. "ఇవాళే కోస్తాం పెద్దయ్యా. మర ఎంత అరిగిందో బయటికి తీస్తేగానీ తెలీదు. మొదట్నుంచీ అనుకున్నదే, అందరికీ తెలుసు."

"అందరిలో నేను లేనా? చచ్చినవాటిని కోశారు, సరే. ఇది బతికిందమ్మా! బతికినందుకా చంపడం?"

నిన్న ఆ కేకు తిన్నందుకు ఆయనకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

దూడను తీసుకెళ్ళడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. గయ్యాళి ఇద్దరినీ తన్నింది. అందరూ ఆయన వంక చూశారు.

ఒక చేత్తో పెట్టె తోస్తూ, మరో చెయ్యి మెడమీద వేసి వరండా వెంట కోసే గదికి నడిపించాడు. ఏనాడూ మాట వినని దూడ కిక్కురుమనకుండా వెంట వచ్చింది.

"తన్నవే," అన్నాడు పళ్ళు కొరుకుతూ. "ఇవాళేం రోగం నీకు?"

అది ఆయన మోచెయ్యి నాకింది.

సాయంత్రానికి కడిగిన పెట్టె ఒక్కటే తిరిగి వచ్చింది. ఆయన దాన్ని గోడకేసి ఒక్క తన్ను తన్ని, చీపురు విసిరికొట్టి, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయాడు. కొట్టంలో మేకుకు పలుపు వేలాడుతోంది, దుకాణంవాడు చుట్టి కట్టిన ముడి ఇంకా విప్పనే లేదు.