వెలితి పీపా

గరాటు మెడలోంచి వైన్ పైకి ఉబికి, పీపా కన్నం అంచున ఒక్క క్షణం వణుకుతూ నిలబడింది. ఇలేర్ చెయ్యి ఆపాడు. ఆ పొంగును బొటనవేలితో తుడిచి, వేలు నాకి, బిరడా పెట్టి కొయ్యసుత్తితో రెండు దెబ్బలు వేశాడు. మూడు పీపాలు అయ్యాయి. ఇంకా పద్నాలుగు ఉన్నాయి.

సోమవారం నేలమాళిగలో ఇదే పని. వారం రోజుల్లో చెక్క తాగినంత, గాలికి పోయినంత ప్రతి పీపాలోనూ తగ్గుతుంది. ఆ వెలితిని పూడ్చాలి. పూడ్చకపోతే లోపల చేరిన గాలి వైన్‌ని తినేస్తుంది. నలభై నాలుగేళ్ళుగా కూజా మోసి మోసి అతని కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. కోటు వేసుకుంటే ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. మనిషి పొట్టి, మెడ లేదు. గోళ్ళ చుట్టూ ఎర్రవైన్ మరక పుట్టుమచ్చలా పట్టేసింది, ఏ సబ్బుకీ లొంగదు. వంగినప్పుడు మోకాళ్ళు ఎండుపుల్లల్లా చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడు విని మాళిగలో పిల్లి కూడా లేవదు, అలవాటైపోయింది.

బయట జూరా కొండల మీద ఫిబ్రవరి మంచు కరగనా వద్దా అన్నట్టుంది. మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఆ చప్పుడుని బట్టే వచ్చేది సబీన్ అని అతనికి తెలుసు. పాత యజమాని గస్తోన్ కూతురు, ముప్పై నాలుగేళ్ళది. తండ్రి పోయాక నాలుగేళ్ళుగా ఈ తోటా ఈ పీపాలూ ఆవిడవే. పట్నంలో వైన్ చదువు చదివి వచ్చింది. నడిస్తే మాత్రం గుర్రం నడిచినట్టే.

"పెద్దాయనా, మూడింటికి పంపు బండి వస్తోంది. పైన అటక మీది పన్నెండో పీపా తీసేస్తున్నాం."

ఇలేర్ నాలుగో పీపా బిరడా ఊడదీశాడు. "తీసి?"

"వినెగర్ వాళ్ళకి. ల్యాబ్ కాగితం వచ్చింది. పులుపు గీత దాటేసింది. ఇదిగో, చూడు."

"చేతులు తడి."

"చదివి వినిపిస్తా."

"దాన్నెవరు చూశారు?"

"ల్యాబ్ వాళ్ళు. ఇంకెవరు?"

"వాళ్ళు చూసింది సీసాని. పీపాని చూడలేదు."

సబీన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "చూడు, నువ్వు మొండికేస్తే నేనూ మొండికేస్తా. ఆ పులుపు పక్క పీపాకి అంటుకుందనుకో, తర్వాత దాని పక్కదానికి. పన్నెండు పోతాయి. ఆరేళ్ళ పని. ఒక్కదాని కోసం పదకొండు పణం పెట్టమంటావా?"

ఆ మాట నిజమని అతనికీ తెలుసు. కూజా వంచాడు. ధార సన్నగా, తెగకుండా పడింది.

"మూడింటికి ముందు ఒకసారి పైకి రా" అన్నాడు చివరికి. "దీపం తెచ్చుకో. ఆ ఇనప బూట్లు మాత్రం వద్దు."

ఈ ఇంట్లో పనంతా రెండు ముక్కల్లో ఉంది. కింద మాళిగలో ఉన్నవి నింపేవి. పైన అటక మీద ఉన్నవి నింపకూడనివి. అటక మీది పీపాల్లో తెల్లద్రాక్ష వైన్ పోసి వదిలేస్తారు. ఏటికేడాది అది తరుగుతుంది. తరిగిన మేర పైన ఖాళీ, ఆ ఖాళీలో వైన్ మీద ఒక పొర, పాలమీద మీగడ కట్టినట్టు, బూడిదరంగులో. ఆ పొరే కాపలా. అది ఉన్నంతకాలం గాలి ఎంత ఉన్నా వైన్ పాడవదు. ఆరేళ్ళు దాటాక పసుపుపచ్చగా, అక్రోటు కాయ వాసనతో బయటికొస్తుంది. ఆ ఆరేళ్ళూ మనిషి చెయ్యాల్సింది ఒకటే. ముట్టుకోకపోవడం.

అది నేర్చుకోవడానికే ఇలేర్‌కి సగం జీవితం పట్టింది.

అతనిది పక్క సీమ బర్గండీ. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఇక్కడికొచ్చాడు. అక్కడ వెలితి పీపా కనబడితే పనివాణ్ణి పనిలోంచి తీసేస్తారు. వచ్చిన మొదటి వారమే గస్తోన్ పని మీద ఊరెళ్ళాడు. ఇలేర్ అటక ఎక్కి చూస్తే పీపాలన్నీ జానెడు జానెడు వెలితిగా ఉన్నాయి. ఈ ఊరివాళ్ళింత సోమరులా అనుకున్నాడు. కొత్త యజమాని మెప్పు పొందుదామని కూజా మోసుకొచ్చి, ఇరవయ్యేడు మెట్లు ఎక్కి దిగి ఎక్కి, మూడు పీపాలు అంచుదాకా నింపేశాడు. నింపుతుంటే లోపల తెల్లగా ఏదో చిరిగి మునిగిపోవడం కనిపించింది. బూజు కాబోలు, పోయిందిలే అనుకున్నాడు.

గస్తోన్ వచ్చాడు. మూడు బిరడాలు తీసి చూశాడు. తిట్టలేదు. తిడితే ఇలేర్ మూట కట్టుకుని వెళ్ళిపోయేవాడు. "నింపింది నువ్వు. ఆరేళ్ళు ఇక్కడే కూచుని ఏమవుతాయో చూడు" అన్నాడంతే. ఇలేర్ కూచున్నాడు. రెండు పీపాలు పులిసిపోయాయి, వాటి చెక్కలు పొయ్యిలోకి పోయాయి. మూడోది రెండేళ్ళు ఏ పొరా లేకుండా నల్లగా ఉండి, మూడో వసంతంలో దానంతటదే తిరిగి మీగడ కట్టింది. ఆరేళ్ళయ్యాయి. వెళ్ళిపోవచ్చు అన్నాడు గస్తోన్. ఇలేర్ వెళ్ళలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పెళ్ళి చేసుకోలేదు. సీసాల మీది కాగితం పైన ఇంటి పేరుంటుంది, కొండ పేరుంటుంది, అతని పేరెక్కడా ఉండదు. ఉండాలని అనుకోలేదు కూడా.

తేరుకున్న ఆ పీపాయే ఇప్పుడు పన్నెండోది. చెక్క అదే, ఇనప కట్లు మాత్రం మూడుసార్లు మార్చారు. ఇందులో పోసిన వైన్‌కి ఐదో ఏడు నడుస్తోంది. పోయిన వేసవిలో ఎండలు మండిపోయి పొర మునిగిపోయింది. మిగతా పదకొండూ తట్టుకున్నాయి.

మధ్యాహ్నం వంటింట్లో ఎర్నెస్టిన్ అతని ముందు సూపు గిన్నె పెట్టింది. ఆ ఇంట్లో వంట ముప్పై ఏళ్ళుగా ఆవిడదే. అతన్ని తిట్టే హక్కు కూడా.

"అటక ఎక్కుతావటగా?"

"ఎవరు చెప్పారు?"

"నీ మొహమే చెప్తోంది. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. గుండెనుకున్నావా, రబ్బరు బంతనుకున్నావా?"

"ఎక్కొద్దన్నాడు గానీ దిగొద్దన్లేదుగా. ఎక్కకుండా దిగేదెలాగో నువ్వే చెప్పు."

"నవ్వు, బాగా నవ్వు. ఆ పీపాని పెళ్ళాడినా నీకింత విశ్వాసం ఉండేది కాదు."

"పెళ్ళాడితే అది కూడా నీలాగే మాట్లాడేది" అన్నాడు ఇలేర్. రొట్టె తుంచి గిన్నె అడుగు తుడిచి తిన్నాడు. ఇంకో జున్నుముక్క కోసి పెడితే వద్దనలేదు. ఎర్నెస్టిన్ గిన్నె తీసుకెళ్తూ అతని భుజం మీద గుడ్డతో ఒక్కటి వేసింది.

రెండున్నరకి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగాడు. పద్దెనిమిది దగ్గర ఆగాడు. మెట్ల కమ్మీ పట్టుకుని, ఊపిరి ముక్కుతో పీల్చి నోటితో వదిలి, మళ్ళీ కదిలాడు. వెనక సబీన్ అతనితోపాటే ఆగింది. దిగిపోదామంటే వెనక్కి తిరిగి కోప్పడతాడని ఆవిడకి తెలుసు.

అటక గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టాడు. "నిదానం. ఇది నేల కాదు, డప్పు. నువ్వు ఇక్కడ అడుగేస్తే ఆ మూల పీపాలో అల లేస్తుంది. పొర లేతగా ఉన్నప్పుడు ఆ అల చాలు."

"పొరే లేనప్పుడు ఇంక అలెందుకు?"

"వచ్చి చూడు."

పడమటి మూల, చూరు కింద ఉంది పన్నెండోది. ఇలేర్ బిరడాని కదిలించి కదిలించి, చప్పుడు కాకుండా తీశాడు. సబీన్ దీపం వెలుగు కన్నంలోకి వేసి వంగింది. లోపల వైన్ నల్లటి అద్దంలా ఉంది. దీపం తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఏదీ? ఏమీ లేదు."

"నడిమికి వేశావు. చెక్క అంచుకి వెయ్యి. ఇంకా. ఎడమకి."

ఆవిడ దీపం జరిపింది. వైన్ చెక్కని తాకే చోట, బొటనవేలి గోరంత మేర, తెల్లగా ముడతలు పడి ఒకటి అంటిపెట్టుకుని ఉంది.

"ఎన్నాళ్ళయింది?"

"పది రోజులు. అప్పుడు మెంతిగింజంత."

"పది రోజులా! నాకు చెప్పవేం?"

"చెప్తే సీసాలోకి లాగి ల్యాబ్‌కి పంపేదానివి. లేవబోతున్నవాణ్ణి లేచావా లేదా అని చొక్కా పట్టి గుంజినట్టు."

సబీన్‌కి నవ్వు రాబోయి ఆగింది. ఇలేర్ పీపా ముఖాన ఉన్న చిన్న కొయ్యమేకు లాగాడు. దారమంత ధార గ్లాసులో పడింది. రెండు గుక్కలంత పట్టి, మేకు మళ్ళీ నొక్కేసి ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ వాసన చూసింది. నోట్లో పోసుకుంది. పులుపు నాలుక రెండు పక్కలా కొరికింది. మొహం చిట్లించింది. మింగలేదు, అలాగే ఉంచుకుంది. ఇలేర్ ఆవిడ గొంతునే చూస్తున్నాడు.

"పులుపుంది" అంది మింగాక.

"ఉంది."

"గట్టిగానే ఉంది."

"నేను లేదన్నానా? దాని వెనకాలేముందో చెప్పు."

ఆవిడ రెండో గుక్క తాగింది. పులుపు వెనక ఏదో తెలిసిన వాసన తగిలింది, పేరు మాత్రం అందలేదు.

"అక్రోట్లు చిగిర్చేదాకా ఇవ్వు" అన్నాడు ఇలేర్. గొంతులో బతిమాలడం లేదు. "చలి విరిగితే పొర దానంతటదే పాకుతుంది. అప్పటికి నా అరచేతంత కాకపోతే పంపు గొట్టం నేనే పెడతా. పక్క పీపాకి ఏమన్నా అయితే అది నా వల్లే అని ఊరంతా చెప్పుకో. ఇప్పుడు మాత్రం ముట్టుకోకు."

"అప్పటిదాకా రోజూ ఎవరు చూస్తారు? నువ్వా? తొమ్మిది మెట్లకోసారి ఆగుతూ?"

"నువ్వు చూడు. చూడ్డమేగా. నాకు నలభై నాలుగేళ్ళు పట్టింది, నీకు చదువుంది కాబట్టి నాలుగు వారాలు చాలు."

సబీన్ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. "ఫోన్ చేసొస్తా" అని తిరిగింది.

అతను విన్నాడు. పలకల మీద ఆవిడ అడుగులు ఒక్కొక్కటే పడుతున్నాయి. ముందు వేళ్ళు, తర్వాత మడమ. గుమ్మం దాటింది. మెట్ల మీద కూడా అలాగే దిగింది, మధ్యమధ్య ఆగుతూ. జీవితంలో మొదటిసారి ఆ పిల్ల చప్పుడు చెయ్యకుండా నడిచింది. ఇలేర్ బిరడా కన్నంలో పెట్టి అరచేత్తో నొక్కాడు.

తర్వాత పీపా పక్కనున్న స్తంభానికి వీపు ఆనించి ముక్కాలిపీట మీద కూచున్నాడు. ఎడమ చెయ్యి బరువుగా ఉంది, నిండు కూజా మోస్తున్నట్టు. చూరు మీద మంచు కరిగి బొట్టు బొట్టుగా పడుతోంది. జేబులో రెండు అక్రోటు కాయలు తగిలాయి. కుడి గుప్పిట్లో ఒకదానితో ఒకటి నొక్కి పగలగొట్టాడు. ఆ మాత్రం బలం ఇంకా ఉన్నందుకు సంతోషం వేసింది. కాసేపాగి దిగుదాం అనుకున్నాడు.

సబీన్ పైకి వస్తూనే, మెట్ల మీదినుంచే మెల్లగా అంది, "బండి రావద్దన్నాను పెద్దాయనా. ఏప్రిల్ దాకా. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఇవ్వను, విన్నావా?"

అతని గడ్డం ఛాతీ మీద ఉంది. ఆవిడ రెండోసారి కూడా అదే మాట అంది. తర్వాత వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

డాక్టరు వచ్చి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని దిగిపోయాడు. కిందికి దింపడానికి ఇలాంటి పనులకి కూడా వచ్చే ఊరి అగ్నిమాపక దళం వాళ్ళు నలుగురు స్ట్రెచరు పట్టుకుని దడదడా మెట్లెక్కారు. అటక గుమ్మంలో సబీన్ అడ్డంగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"బూట్లు విప్పండి."

"అమ్మా, లోపల మనిషి..." అన్నాడు వాళ్ళ పెద్ద.

"మనిషికి ఇప్పుడు తొందరేం లేదు. బూట్లు ఇక్కడ విప్పండి. ఇద్దరే రండి. ఇద్దరూ ఒకేసారి అడుగెయ్యకండి. ముందు వేళ్ళు, తర్వాత మడమ."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కింద మెట్ల దగ్గర కొంగులాంటి ఏప్రన్‌లో మొహం దాచుకుని ఏడుస్తున్న ఎర్నెస్టిన్ తలెత్తి అరిచింది, "చెప్పింది వినబడలేదా? విప్పండి!"

విప్పారు. ఒకడి మేజోడులోంచి బొటనవేలు బయటికొచ్చింది. ఇద్దరూ పాలగిన్నె మోస్తున్నట్టు వచ్చి, ఇలేర్‌ని పీట మీదినుంచి ఎత్తి పడుకోబెట్టి, అలాగే తీసుకెళ్ళారు. వాళ్ళు చివరి మెట్టు దిగేదాకా సబీన్ పన్నెండో పీపా మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. చెక్క కదల్లేదు.

చెయ్యి తీస్తుంటే అప్పుడు చూసింది. పీపా పైన, ఆవిడ గ్లాసు పట్టుకుని నిలబడ్డ వైపుకి జరిపి, చేదు తొక్క శుభ్రంగా ఒలిచిన సగం అక్రోటు పప్పు ఉంది.