గుడ్లు పెట్టని రాతిబల్లి

గ్వైజౌ కొండల్లోని మా ఊళ్లో ఇళ్లకప్పులు కూడా రాతిపలకలే. కొండలు పుట్టకముందు ఇక్కడి సముద్రాన్ని ఏలిన బల్లులు శిలాజాలై, రాతిబల్లులుగా ఆ పలకల మధ్య ఇరవై నాలుగు కోట్ల ఏళ్లుగా శయనించి ఉన్నాయి. ఒక్కొక్కటి జానెడు ఉంటుంది. రాజసం మాత్రం బారెడు. సృష్టికర్త కొన్నింటితో సరిపెట్టుకోగా, ఆ లోటును గేదెతోలు జిగురుతో, దీపపు మసితో కొత్త బల్లుల్ని చేసి అమ్ముతూ ముప్పై ఏళ్లపాటు పూరించిన మహనీయుడు మా సెన్ గ్వాంగ్‌ఫు. రాతిబల్లుల అమ్మకాలను ప్రభుత్వం నిషేధించాక ఆయన సగౌరవంగా పందుల పెంపకానికి మరలాడు.

మొన్నటి వానలకు పగిలిన పందులపాక కప్పును మారుస్తుండగా ఒక పలక పుస్తకంలా విచ్చుకుంది. లోపల అసలైన రాతిబల్లి. దాని కడుపులో నాలుగు బుల్లి బల్లులు.

చట్టప్రకారం అది మ్యూజియానిది. గ్వాంగ్‌ఫు అభ్యంతరపెట్టలేదు. ఆయన కోరిక ఒక్కటే: అద్దం కింది చీటీలో, కనుగొన్నవారి పేరు రాసేచోట తన పేరుండాలి. అంత సృష్టి చేసినవాడి పేరు ఒక్క నిజం కిందా లేదు.

"కాపురం చేసినదాన్ని, నేనే నమ్మలేదు. ఆ మ్యూజియం డాక్టరమ్మ నమ్ముతుందా?" అంది భార్య యూజెన్.

మ్యూజియం నుంచి వచ్చిన డాక్టర్ లువో పీట మీద కూర్చుని భూతద్దం తీసింది.

"తాతా, పోయినేడు మా అరలోంచి నీదొకటి తీసేశాం. పని బాగుంది. కాకపోతే ముందుకాళ్లు రెండూ ఎడమవే."

"అది తొందరలో చేసింది, డాక్టరమ్మా."

"మరి ఈ పిల్లలు తీరిగ్గా అతికించినవా?"

"నేను చేసుంటే పిల్లలెందుకుంటాయి? గుడ్లు పెట్టేవాణ్ణి. బల్లి గుడ్లు పెడుతుందని ఎవరికి తెలీదు? ముప్పై ఎనిమిదింటికి పెట్టాను."

లువో భూతద్దం దించింది. "ఇది గుడ్లు పెట్టే రకం కాదు తాతా. పిల్లల్ని కంటుంది."

గ్వాంగ్‌ఫు ముఖం వెలవెలబోయింది. ముప్పై ఎనిమిది గర్భాలు ఒక్కసారిగా అబద్ధమయ్యాయి.

పూసిన రంగేమైనా దిగుతుందేమో చూడటానికి లువో సారాయి సీసాలో దూది ముంచబోయింది. ఆయన ఆమె చెయ్యి ఆపాడు.

"దానికి నా రంగు చలించదు. గోళ్లరంగు తుడిచే మందుతో తుడువు. దానికైతే దిగిపోతుంది."

ముప్పై ఏళ్ల వృత్తిరహస్యం అలా పందుల సమక్షంలో లోకార్పణమైంది. కోడలి గోళ్లమందు సీసా తెచ్చారు. లువో తల నుంచి తోకదాకా, కడుపులోని పిల్లలతో సహా, మెల్లగా తుడిచింది. యూజెన్ వంగి చూసింది. దూది తెల్లగానే ఉంది.

లువో కలం తీసి అడిగింది: "పేరు ఎలా రాయమంటావు, తాతా?"

ఆయన ఒక్కొక్క అక్షరమే చెప్పాడు. రాసిందాన్ని తలకిందులుగానే రెండుసార్లు చదువుకున్నాడు.

"రేపు మ్యూజియానికి రా. అరల్లో నీవి ఇంకా ఎన్నున్నాయో మాకు తెలీదు. ఏరిపెట్టే మనిషి కావాలి."

"నా పిల్లల్ని నేను గుర్తుపట్టనా?"

"వెళ్లేటప్పుడు," అంది యూజెన్, దారిలోకని జిగురన్నం మూటకడుతూ, "ఆ తొందరలో చేసినదానికి రెండు ఎడమ చెప్పులు కొనుక్కెళ్లు."